మంచుఖండ యాత్రా ఫలశ్రుతి

పూర్వం తీర్థయాత్రకు వెళ్లినవారు గంగలో మునిగితే తమ పాపం పోతుందని నమ్మేవారే గాని, తాము మునిగినందువల్ల గంగ పవిత్రమైందని చెప్పుకునేవారు కారు. అంటార్కిటికాకు చిన్న ఓడల్లో వన్యప్రాణి సందర్శన యాత్రలు నడిపే సంస్థలు ఈ లోటును పూర్తిగా తీర్చాయి. వాటి ప్రచారపత్రాలలోని ఫలశ్రుతి ప్రకారం, లక్షల రూపాయలు చెల్లించి పది పన్నెండు రోజులు ఓడలో గడిపి, పెంగ్విన్లను, సీళ్లను, తిమింగలాలను కన్నులారా చూసిన ప్రతి ప్రయాణికుడూ తిరిగి వచ్చేనాటికి ఆ ఖండానికి ‘రాయబారి’ అవుతాడు. అతన్ని ఆ పదవిలో నియమించినదెవరో, పెంగ్విన్లు అతనికి అప్పగించిన సందేశమేమిటో ఆ పత్రాలు చెప్పవు.

ఈ యాత్రల సంప్రదాయానికి మూలపురుషుడు లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్. ఆయన 1966లో ఒక పర్యాటక బృందాన్ని అంటార్కిటికాకు తీసుకువెళ్లి, 1969లో ఇటువంటి ప్రయాణాలకే ప్రత్యేకంగా ఒక ఓడను కట్టించాడు. నేడు సాధారణంగా రెండు వందల మందికి లోపు ప్రయాణికులున్న ఓడ అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న ఉషుఆయా రేవులో బయలుదేరి, అలలకు పేరుమోసిన డ్రేక్ జలసంధిని రెండు రోజుల్లో దాటి, అంటార్కిటిక్ ద్వీపకల్పం చేరి, అక్కడినుంచి జోడియాక్ అనే గాలి నింపిన రబ్బరు పడవలలో జనాన్ని ఒడ్డుకు దింపుతుంది. దీనికి విహారయాత్ర అనే పేరు చాలదని నిర్వాహకులు సాహసయాత్ర అంటారు. ధ్రువాన్వేషకుడు షాకిల్టన్ ఓడ ‘ఎండ్యూరెన్స్’ 1915లో వెడెల్ సముద్రపు మంచులో నలిగి మునిగిపోయినప్పుడు ఆయన అనుచరులు సీళ్లను, పెంగ్విన్లను తిని ప్రాణాలు నిలుపుకున్నారు; వారి వారసులమని చెప్పుకునే నేటి సాహసికులు అవే జంతువులను ఫొటో తీసుకుని, ఓడకు తిరిగివచ్చి, వేడినీటి స్నానం ముగించి, వరసగా వడ్డించే విందుకు కూర్చుంటారు. నడుముకు తాడు కట్టించుకుని గడ్డకట్టే నీళ్లలో ఒక్కసారి దూకి, వెంటనే పైకి లాగించుకుని, తువ్వాలు కప్పుకుని ఫొటోకు నిలబడడం ఈ క్షేత్రంలో పుణ్యస్నానం.

క్షేత్రమన్నాక మడి ఆచారం ఉండక తప్పదు. యాత్రానిర్వాహకులు 1991లో ఏర్పరచుకున్న అంతర్జాతీయ సంఘం, ఐఆటో, పాటించే నియమాల ప్రకారం 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ ఎవరినీ ఒడ్డుకు దింపరాదు. ఏ స్థలంలోనూ ఒకేసారి 100 మందికి మించి ఉండరాదు. పెంగ్విన్‌కు కనీసం 5 మీటర్ల దూరంలో నిలవాలి. పరాయి నేలల విత్తనాలు, క్రిములు చేరకుండా బూట్లను మందునీటిలో కడగాలి, కోటు జేబులను, సంచుల మడతలను యంత్రంతో దులిపించుకోవాలి. 2023 అక్టోబరులో దక్షిణ జార్జియా ప్రాంతంలోనూ, 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా ప్రధాన భూభాగంలోనూ బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడింది. దానిని పర్యాటకులు తెచ్చారనడానికి లేదు గాని, మనుషుల వెంట అది ఇంకా పాకకూడదనే జాగ్రత్తతో మంచుపై కూర్చోవడం, మోకరిల్లడం, సంచి కింద పెట్టడం కూడా నిషిద్ధమయ్యాయి.

ఈ నియమాలన్నీ మంచివే. అయితే వాటి తాత్పర్యం ఒక్కటే: మనిషి ఎంత దూరంలో ఉంటే, ఎంత తక్కువసేపు నిలిస్తే, ఎంత తక్కువమంది వస్తే ఆ జంతువులకు అంత మేలు. ఈ తర్కాన్ని చివరిదాకా నడిపిస్తే ఆదర్శ యాత్రికుడు ఇల్లు కదలనివాడని తేలుతుంది. ఇల్లు కదలనివాడికి టిక్కెట్టు అమ్మడం కుదరదు గనుక నిర్వాహకులు తర్కాన్ని కూడా పెంగ్విన్‌కు 5 మీటర్ల దూరంలోనే ఆపేస్తారు.

చిన్న ఓడ అనేదే ఒక పుణ్యమన్నట్లు చెప్పుకోవడం మరో విచిత్రం. వేలమందిని మోసే పెద్ద ఓడలను ఈ యాత్రికులు చిన్నచూపు చూస్తారు గాని, పైన చెప్పిన నియమం వల్ల పెద్ద ఓడలవారు అంటార్కిటికా నేలపై అడుగే పెట్టరు. దూరం నుంచే చూసి వెళ్లిపోతారు. పెంగ్విన్ల కాలనీ దాకా బూటుకాలు తీసుకువెళ్లేది చిన్న ఓడే. ఇక ఓడ చిన్నదైనంత మాత్రాన ఓడలు కొద్దే అనుకోరాదు. 1990ల ఆరంభంలో ఏటా పదివేలకు లోపుగా ఉన్న సందర్శకుల సంఖ్య, ఒడ్డుకు దిగనివారితో కలిపి, 2023-24 వేసవిలో 1,20,000 దాటింది. 2022లో వెలువడిన ఒక శాస్త్రీయ అధ్యయనం ఈ రాకపోకల వల్ల పడే నల్లమసిని లెక్కగట్టింది. నల్లమసి అంటే ఇంధనం సరిగా కాలనప్పుడు పొగతోపాటు వెలువడే బొగ్గునుసి. అది తెల్లని మంచుపై పడితే మంచు ఎండను తిప్పికొట్టే శక్తి తగ్గి, వేడిని పీల్చుకుని, కాలం రాకముందే కరుగుతుంది. 2016-2020 మధ్య ఈ విధంగా ఒక్కో సందర్శకుడి వంతున సుమారు 83 టన్నుల మంచు ముందుగా కరిగిందని ఆ అధ్యయనం అంచనా. చూసి రమ్మంటే కాల్చి వచ్చినవాడి కథ తెలుగువారికి కొత్త కాదు. కాకపోతే అక్కడ కాలింది శత్రువు పట్టణం, ఇక్కడ కరుగుతున్నది చూడవచ్చినవాడు ప్రేమిస్తున్నానని చెప్పుకునే మంచు.

చూస్తేనే ప్రేమ కలుగుతుంది, ప్రేమ కలిగితేనే రక్షిస్తారు అన్నది ఈ వ్యాపారానికి మూలమంత్రం. చరిత్ర ఈ మంత్రాన్ని బలపరచదు. దక్షిణ షెట్లాండ్ దీవులు 1819లో కనబడగానే సీళ్ల వేటగాళ్లు వాటిపై దిగి, కొద్ది సంవత్సరాల్లోనే అక్కడి బొచ్చు సీళ్లను దాదాపు తుడిచిపెట్టారు. 20వ శతాబ్దంలో తిమింగలాల వేటగాళ్లు దక్షిణార్ధగోళంలో సుమారు 20 లక్షల తిమింగలాలను చంపారు. వారికంటే దగ్గరగా, వారికంటే ఎక్కువకాలం ఆ జంతువులను చూసినవారు మరెవరూ లేరు. ఆ ఖండాన్ని సైనిక స్థావరాలకు దూరంగా ఉంచిన 1959 ఒప్పందం వాషింగ్టన్‌లో, వ్యాపారపు తిమింగల వేటకు విరామం చెప్పిన 1982 నిర్ణయం ఇంగ్లండ్‌లో, ఖనిజాల తవ్వకాన్ని నిషేధించిన 1991 ఒప్పందం మాడ్రిడ్‌లో కుదిరాయి. పర్యాటకాన్ని అదుపు చేసే చట్రం గురించి అంటార్కిటికా ఒప్పంద దేశాలు 2024 మేలో చర్చించినది, వెతికినా పెంగ్విన్ కనబడని మన కొచ్చిలో. ఆ ఖండాన్ని, అక్కడి జంతువులను కాపాడినవి ఇటువంటి నగరాల గదులలో కూర్చుని రాసిన కాగితాలే.

మరి ఏటా వేల సంఖ్యలో తయారవుతున్న రాయబారులు ఏ గదిలో కూర్చున్నారు? ఈ ఓడలన్నీ తిరిగే ద్వీపకల్పపు జలాలలోనే పెంగ్విన్లకు, తిమింగలాలకు ఆహారమైన క్రిల్ అనే చిన్నరొయ్య వంటి ప్రాణిని పెద్దఎత్తున పడుతున్నారు. ఆ జలాలను రక్షిత సముద్ర ప్రాంతంగా ప్రకటించాలని అర్జెంటీనా, చిలీ 2018లో ప్రతిపాదించాయి. సభ్యదేశాలన్నీ ఏకాభిప్రాయానికి వస్తేగాని ఏదీ సాగని అంటార్కిటికా సముద్రజీవుల సంరక్షణ సంఘంలో అది 2024 సమావేశం దాకా ఆమోదం పొందలేదు. ఇన్ని లక్షల ఫొటోలు ఆ చర్చను అంగుళమైనా కదపలేకపోయాయి.

నిర్వాహకుల పక్షాన చెప్పదగినవి లేకపోలేదు. చిక్కని బరువు ఇంధన నూనెను అక్కడి ఓడలు వాడరాదన్న నిషేధం 2011 నుంచి అమలులో ఉంది. కొన్ని ఓడలు శాస్త్రవేత్తలను తీసుకువెళతాయి. యాత్రికులు తీసిన తోకల ఫొటోలు తిమింగలాలను గుర్తుపట్టడానికి పనికివస్తున్నాయి. ఇదంతా జరిగిన నష్టానికి కట్టే కొద్దిపాటి పరిహారమే గాని, స్వకార్యాన్ని స్వామికార్యంగా మార్చే మంత్రం కాదు. లోకంలో అరుదైన దృశ్యాన్ని చూడాలన్న కోరిక సహజమైనది, డబ్బున్నవాడు ఆ కోరిక తీర్చుకోవడం నేరమూ కాదు. ఆ సరదా ఖర్చును లోకసేవ పద్దులో రాయించుకోవడమే అన్యాయం.

అందువల్ల టిక్కెట్టు కొనబోయే పాఠకులు నిర్వాహకుణ్ణి ఒక్క ప్రశ్న అడగాలి: ఈ ఓడ ఈ ఏడు రాకపోతే అక్కడి పెంగ్విన్‌కు కలిగే నష్టమేమిటి? దానికి జవాబు వచ్చేదాకా వెళ్లేవారు విహారయాత్రికులుగానే వెళ్లాలి, విహారయాత్రికులుగానే తిరిగి రావాలి.