పార్టుటైము గౌరవము

(స్థలము: మార్కాపురము, చెన్నకేశవస్వామి కోవెల ముంగిటి అరుగు. సాయంకాలము. సుతగర్వి పలకల వ్యాపారి. జర్మనీలో చదువుకొనుచున్న కుమారునొద్ద నెలదినములుండి వచ్చినవాడు. పరిహాసి గిద్దలూరినుండి వచ్చిన ఆయన బావమరది.)

పరిహాసి: బావగారూ, విమానము దిగి వారము గడచినను మీ పాదములింకను నేల మోపలేదని ఊరంతయు చెప్పుకొనుచున్నది. ప్రయాణ మెట్లు సాగినదో సెలవియ్యుడు.

సుతగర్వి: ఏమని చెప్పుదును! హైదరాబాదులోని వీసా కేంద్రమువారు నా పదివ్రేళ్ళ ముద్రలును తీసికొని, బ్యాంకు ఖాతా తిరుగవేసి, 30,000 యూరోల బీమాపత్రము చూచి, 180 దినములలో 90 దినములకు మించి అచ్చట నిలువరాదను నియమమును తెలియజెప్పి, కట్టకడపట నొక చీటి అంటించి పంపిరి.

పరిహాసి: పిల్లనిచ్చువాడైనను వరుని పుట్టుపూర్వోత్తరములనింత శోధింపడు గదా! మా అక్క కట్టిన మూటల గతి యేమైనది?

సుతగర్వి: గోంగూర పచ్చడియు, కందిపొడియు గండము గడచి గట్టెక్కినవి. నేతిడబ్బాను మాత్రము సుంకపువారు లాగికొనిరి. పాలతోనైన పదార్థమేదియు, మాంసమేదియు, పశురోగముల భయముచేత, మనబోటి యాత్రికులు ఆ దేశములకు కొనిపోరాదట. పచ్చి కరివేపాకు రెమ్మకు సైతము ఆరోగ్యపత్రము కావలెనట.

పరిహాసి: మనిషికి వీసా, కరివేపాకునకు ఆరోగ్యపత్రము! కూరలోనుండి ఏరి పారవేయబడుటయే కరివేపాకు నుదుటివ్రాతయనుకొంటిని. అచ్చట కూరలో పడకముందే పారవేయుదురన్నమాట. ఇంతకు మేనల్లుని చదువెట్లున్నది?

సుతగర్వి: దివ్యముగా నున్నది. వాని విశ్వవిద్యాలయము హార్జ్ కొండలమీది క్లౌస్టాలులో నున్నది. 1775లో గనుల విద్య నేర్పుటకై పుట్టినది. దాపుననే గోస్లార్ అను పురాతన పట్టణము. అచ్చటి ఇండ్లను చూచి నిలువున నీరైతిని బావా! ఎక్కడ జూచినను పలకరాతి పైకప్పులే! 1970కి పూర్వము, మన ఊరు కర్నూలు జిల్లాలోనుండగా, మా నాయన ఏ రాతిని నునుపుచేసి, చెక్కచట్రము బిగించి, బడిపిల్లల చేతికిచ్చెనో, ఆ జాతి రాతినే వారు చేపపొలుసులవలె పేర్చి తమ ఇండ్లకు కప్పుకొనినారు.

పరిహాసి: అనగా, పలకమీద ఓనమాలు దిద్దించిన బిడ్డను పలకక్రింద కాపురముంచుటకై, కొండక్రింది మూడెకరములు తాకట్టుపెట్టినారు.

సుతగర్వి: తాకట్టనకుము, విద్యాఋణమనుము. విశ్వవిద్యాలయమువారు చదువునకు జీతము పుచ్చుకొనరు. అయినను వీసా చేతికి రావలెనన్న ఏడాది గ్రాసమునకు 11,904 యూరోలు ముందుగనే ఒక బ్యాంకులో వేసి చూపవలెను. ఆ బ్యాంకువారు నెలకు 992 యూరోల చొప్పున వాని సొమ్మును వానికే భిక్షవేయుదురు. చాలనిదానికి వాడొక ఉద్యోగము చేయుచున్నాడు.

పరిహాసి: ఏ యుద్యోగము?

సుతగర్వి: ఆతిథ్యరంగమున.

పరిహాసి: అనగా?

సుతగర్వి: (గొంతు తగ్గించి) ఒక భోజనశాలలో. పాత్రల పరిశుద్ధి వాని అధీనమున నున్నది.

పరిహాసి: అంట్లు తోముచున్నాడని తెలుగున చెప్పరాదా?

సుతగర్వి: శివశివా! ఇచ్చట తోమినవి అంట్లు. అచ్చట తోమినది పార్టుటైము. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తిదినములకు మించి పనిచేయరాదని శాసనము కూడ కలదు. శాసనము కట్టడిచేయవలసినంత గొప్ప పని నీచమెట్లగును? శ్రమకు గౌరవమన్న నేమో ఆ దేశమున చూడవలెను!

పరిహాసి: చూడవలసినదే. నిరుడు మీ పలకల ఫ్యాక్టరీలో దుమ్ము మ్రింగుచు రాయి కోయు కూలిపిల్లవాడు, ఎండకు తాళలేక మీ ఇంటి అరుగుమీద కూర్చుండగా, కసరి లేపితిరి. వానిది శ్రమయే గదా! దాని వంతు గౌరవము కూడ విమానమెక్కిపోయినదా?

సుతగర్వి: ఆ పోలిక వలదు. అచ్చటి నీటి మాట వినుము: కుళాయి త్రిప్పి దోసిలిపట్టి త్రాగుటయే! ఫ్లోరైడు భయములేదు, క్యాను కొనుట లేదు.

పరిహాసి: 1996లో పునాదిరాయి పడిన వెలిగొండ నీటిపథకపు ముచ్చట వినుచు, ట్యాంకరు చప్పుడునకు బిందెలు పట్టుకొని పరుగిడు మాకు అది పురాణశ్రవణమువలె నున్నది. మరి మీరచ్చట నెలదినములేమి చేసితిరి?

సుతగర్వి: మారిపోయితిని బావా, మారిపోయితిని! కుమారుడు పనికి పోగా, మీ అక్క వండగా, పళ్ళెములు నేనే కడిగితిని. ఆదివారము అంగళ్ళు మూసివేయుదురు గనుక శనివారమే సరకుల సంచులు భుజముమీద మోసితిని. ఒక్కొక్క ఖాళీ ప్లాస్టిక్ సీసాకు 25 సెంట్లు తిరిగియిత్తురు గనుక వానిని మూటగట్టి యంత్రమున వేసివచ్చితిని. త్రాగిన గ్లాసు త్రాగినవాడే కడుగవలెనను సంస్కారము లేకనే మన దేశమిట్లున్నదని రేపు వర్తకుల సభలో ఉపన్యసింపబోవుచున్నాను.

పరిహాసి: చాల సంతోషము. ఇందాక మీ యింటినుండియే వచ్చితిని. మీ పడకకుర్చీ క్రింద ఉదయపు కాఫీగ్లాసు ఈగలు ముసరి యున్నది. మధ్యాహ్నపు గ్లాసు దాని ప్రక్కనే యున్నది. వానిని కడుగువారెవరు?

సుతగర్వి: (గోపురమువంక చూచుచు) ఇంట మీ అక్క యున్నది గదా.