గోడకెక్కిన సీసపు బిళ్ల కథ

1710లో లండన్‌లో ఏర్పడిన సన్ ఫైర్ ఆఫీసు అనే అగ్నిబీమా సంస్థ తన ఖాతాదారుల ఇళ్లకు కొట్టించిన సీసపు బిళ్లల్లో ఇది ఒకటి. మనిషి ముఖమూ చుట్టూ కిరణాలూ ఉన్న సూర్యబింబం దీనికి పోతలోనే వచ్చింది. ఆ బింబం కింద పాలసీ సంఖ్య గుద్దిన తరువాతే దీనికంటూ ఒక ఇల్లు ఏర్పడింది. ఫైర్ మార్క్ అని పేరుపడిన ఈ బిళ్ల పని, ఏ ఇల్లు ఏ సంస్థ పూచీలో ఉందో వీధిలోకి చాటడమే తప్ప ఆ ఇంటిని కాపాడటం కాదు. సీసం సుమారు 327 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కనుక ఇల్లు అంటుకుంటే ఇది కూడా కరిగి కారిపోవలసిందే.

దీని వంశచరిత్ర 1666 సెప్టెంబరు నాటి మహాగ్నితో మొదలవుతుంది. పుడింగ్ లేన్‌లోని ఒక రొట్టెల దుకాణంలో పుట్టిన నిప్పు దాదాపు 13,200 ఇళ్లను బూడిద చేసిన తరువాత, 1680లో నికొలస్ బార్బన్ అనే గృహనిర్మాణ వ్యాపారి అగ్నిబీమా ప్రారంభించి, ఇటుక ఇంటికి ఏటి అద్దెలో నూటికి రెండున్నర, కొయ్య ఇంటికి నూటికి ఐదు చొప్పున ప్రీమియం నిర్ణయించాడు. ఆస్తిబీమా శాస్త్రమంతా బీజరూపంలో ఈ తేడాలోనే ఉందంటే అతిశయోక్తి కాదు. నష్టం కలగవచ్చు, కలగకనూ పోవచ్చు అన్న అనిశ్చితి రిస్కు. నష్టాన్ని నేరుగా కలిగించే నిప్పు, పిడుగు, వరద వంటిది పెరిల్. ఆ పెరిల్ సంభవించే అవకాశాన్ని గానీ, సంభవిస్తే కలిగే నష్టపు తీవ్రతను గానీ పెంచే పరిస్థితి హజార్డ్. నిప్పు రెండు ఇళ్లకూ ఒకటే అయినా, కొయ్య గోడ హజార్డ్ కావడం వల్లనే దాని యజమాని రెట్టింపు చెల్లించాడు.

సన్ సంస్థ తరువాతి కాలంలో ఆస్తులను సాధారణం, ప్రమాదకరం, రెట్టింపు ప్రమాదకరం అని మూడు తరగతులు చేసింది. ఈ బిళ్ల ఎక్కిన ఇటుక ఇల్లు మొదట సాధారణ తరగతిది. కింది అంతస్తులోకి గొడ్డుకొవ్వు కరిగించి కొవ్వొత్తులు పోసే వ్యాపారి దిగడంతో, గోడలో ఒక్క ఇటుకైనా మారకుండానే అది ప్రమాదకరమైంది. అదే వ్యాపారం కొయ్య ఇంట్లో సాగి ఉంటే మూడో తరగతికి చేరేది. గోడ, పొయ్యి, నిలవ సరుకు వంటివి భౌతిక హజార్డులు.

కంటికి కనిపించనిది నైతిక హజార్డ్: ఇంటి విలువను మించి బీమా చేయించి, అది కాలితేనే లాభమని లెక్కవేసే యజమాని బుద్ధి. దీనికి విరుగుడుగా 1774 నాటి అగ్నినివారణ చట్టం, యజమానే నిప్పు పెట్టాడన్న అనుమానం ఉన్నప్పుడు సొమ్ము అతని చేతికివ్వక దానితో ఇంటినే తిరిగి కట్టించడానికి వీలు కల్పించింది. మోసగాడికి ఇంతకన్నా తెలివైన జవాబు దొరకదు. బీమా ఉందన్న ధీమాతో వచ్చే అజాగ్రత్త మోసం కాకపోయినా, అదీ హజార్డే.

మంటలార్పడానికి బీమా సంస్థలు పెట్టుకున్న దళాలు తమ బిళ్ల లేని ఇంటిని తగలబడనిచ్చేవన్న కథ ప్రచారంలో ఉన్నా, దానికి గట్టి ఆధారం లేదు. పక్కింటి మంట తమ పాలసీ ఇంటికి పాకుతుందని తెలిసినవారెవరూ అలా చేయరు.

ఆ దళాలు కొన్ని 1833లో ఒక్కటయ్యాయి. 1861 జూన్ 22న లండన్‌లోని టూలీ వీధి గోదాములు అంటుకున్నప్పుడు ఆ ఉమ్మడి దళం అధిపతి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ గోడ కూలి మరణించాడు. అక్కడ జనపనార, కొవ్వు, సురేకారం ఒకే కప్పు కింద ఉండటం భౌతిక హజార్డ్ కాగా, మంటను ఆపవలసిన ఇనుప తలుపులు తెరిచి వదిలేయడం అజాగ్రత్త. సంస్థలు ప్రీమియంలు పెంచి, నగరంలో మంటలార్పే భారం ఇక మోయలేమని ప్రభుత్వానికి చెప్పాయి. 1866లో ప్రజా అగ్నిమాపక దళం వచ్చింది. అయినా తాము బీమా చేసిన ప్రతి పది లక్షల పౌన్లకు ఏటా 35 పౌన్లు దాని ఖర్చుకు ఇవ్వవలసిన బాధ్యతను చట్టం వాటి మీదే ఉంచింది.