గీతకు నిద్ర, గుంటడికి జాగారం

జూన్ వచ్చిందంటే చోడవరంలో అడ్మిషన్ల ఫ్లెక్సీలు లేస్తాయి. ఈమధ్య వాటి మీద అబాకస్‌కూ కరాటేకూ నడుమ కొత్త మాటొకటి ఇరుక్కుంది: ఫైన్ మోటార్ స్కిల్స్. అంటే చేతివేళ్ల నేర్పు. దాన్ని పెంచడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. నాలుగు గీతల కాపీ, ఒక పెన్సిలు, నాలుగేళ్లు నిండీ నిండని గుంటడు. మూడింటినీ కలిపి సాయంత్రం ఇంటికి పంపేస్తే సరి, మిగతాది అమ్మ చూసుకుంటుంది.

మొదట స్టాండింగ్ లైన్ ఒక పేజీ, తర్వాత స్లీపింగ్ లైన్ ఒక పేజీ. ఎల్‌కేజీ మొత్తంలో పడుకోవడానికి అనుమతి ఉన్నది ఆ గీతకొక్కదానికే. రాత్రి తొమ్మిదింటికి పిల్లాడి తల కాపీ మీదికి వాలిపోతుంటే, వాడి పిడికిలిని తన పిడికిట్లో పెట్టుకుని మిగిలిన వరసలు తల్లే లాగించేస్తుంది. మర్నాడు ఆ పేజీకి ఎర్రసిరాతో నక్షత్రం. నిజాయితీగా ఇవ్వాలంటే ఆ సర్టిఫికెట్ తల్లికే ఇవ్వాలి. 2022 ఏప్రిల్‌లో చోడవరం విశాఖపట్నం జిల్లా వదిలి అనకాపల్లి జిల్లాలోకొచ్చింది గానీ, కాపీలోని నాలుగు గీతలూ చెక్కుచెదరలేదు.

"మేడమ్‌గారూ, మా గుంటడు సెయ్యి నొప్పెడతందని ఏడుస్తన్నాడండి" అని ఓ తండ్రి నసుగుతాడు. "నొప్పి వస్తోందంటే గ్రిప్ డెవలప్ అవుతోందనండీ" అంటారు మేడమ్‌గారు. ఆయన తృప్తిగా ఫీజు కట్టి బయటపడతాడు. నొప్పికి రసీదు ఇచ్చే చోటు లోకంలో ఇదొక్కటే.

ఆ చెయ్యి సంగతి కాస్త చూద్దాం. పెద్దవాళ్ల మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి. ఏడాదికొకటీ అరా చొప్పున గట్టిపడుతూ, చివరిది ఎముకయ్యేసరికి పది పన్నెండేళ్లు పడుతుంది. నాలుగేళ్ల చేతిలో ఆ పని సగానికి అటూ ఇటూగా నడుస్తుంటుంది. పెన్సిలును మూడువేళ్లతో పట్టి నడపాల్సిన చిన్న కండరాలదీ అదే కథ. పక్వానికి రాని చెరకు కొట్టి గానుగలో పెడితే పాకం కుదరదని గోవాడ చుట్టుపక్కల ఏ రైతును లేపి అడిగినా చెబుతాడు. అదే రైతు కొడుకును మాత్రం మూడున్నరేళ్లకే కర్సివ్‌లో పెడతాడు.

రాత వల్ల మేలు లేదని కాదు, ఉంది. 2012లో అమెరికాలో కారిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ అనే పరిశోధకులు, ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లల చేత కొన్ని అక్షరాలు సొంతంగా రాయించారు, కొన్ని ఉన్న రూపం మీదే దిద్దించారు, కొన్ని కీబోర్డు మీద కొట్టించారు. తర్వాత మెదడు స్కాన్ తీస్తే, చదువుకు పనికొచ్చే భాగాలు కదిలింది పిల్లలు సొంతంగా, వంకరగానైనా గీసిన అక్షరాలకే. మన కాపీలో వంకరకు చోటేదీ? ఎర్రసిరా ఉన్నదే వంకరను పట్టుకోవడానికి.

వీధిబళ్లలోనూ దిద్దించేవారుగా అంటారు. దిద్దించారు. ఇసుకలో, వేలితో, అరచేయంత అక్షరం. వాటిని గుంట ఓనమాలనేవారు. తప్పుపోతే పిల్లాడే చేత్తో చెరిపేసేవాడు, అమ్మకు డైరీ వెళ్లేది కాదు. వీధిబడి స్వర్గమేం కాదు. పిల్లల్ని తాడుకు వేలాడదీసి కోదండం వేయించిన పంతుళ్లూ అక్కడివారే. కానీ వాళ్లు కూడా వేలికీ కలానికీ మధ్య కొంత కాలం ఆగారు. 1939లో మద్రాసు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి కూడా గరుకు కాగితపు అక్షరాలను ముందు వేళ్లతో తడిమించింది. ఇప్పుడు బోర్డు మీద ఆవిడ పేరు, బల్ల మీద కాపీ.

ఇంట్లోనూ తమాషాయే. చింతపిక్కలతో వామనగుంటలాడితే మట్టి చేతులంటారు. పెసరకాయలు వొలుస్తానంటే "పో, హోంవర్కు చేసుకో" అంటారు. తర్వాత ఆన్‌లైన్లో పూసలూ పట్టుకారూ ఉన్న ఫైన్ మోటార్ కిట్ తెప్పిస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మలు ఇదే జిల్లాలో, వరాహ నది ఒడ్డున, అంకుడు కర్రతో తయారవుతున్నాయి. వాటిలో బొంగరం తిప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిసి పనిచేయాల్సిందే. కానీ బొంగరం తిప్పితే మార్కులు రావు.

చోడవరానికి ఇంకో చిక్కుంది. ఊళ్లో స్వయంభువుగా వెలసినవాడు విఘ్నేశ్వరుడు, మహాభారతం రాసిపెట్టిన లేఖకుడు. ఆపకుండా చెబితేనే రాస్తానని ఆయన షరతు పెడితే, అర్థం తెలియకుండా ఒక్క ముక్కా రాయకూడదని వ్యాసుడు ఎదురు షరతు పెట్టాడు. ఆ రెండో షరతు గనక ఎల్‌కేజీలో అమలైతే కాపీల వ్యాపారం ఆ నెలలోనే మూతపడుతుంది.

షరతు అక్కర్లేకుండానే కాగితం ఉంది. పూర్వ ప్రాథమిక పిల్లలకు అసలు సంచే వద్దని, రెండో తరగతి దాకా హోంవర్కు ఇవ్వకూడదని కేంద్రం 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో రాసింది. 2018లో మద్రాసు హైకోర్టు కూడా ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు కూడదంది. రేపు డైరీలో "కాపీ 4 పేజీలు" అని కనబడితే, సంతకం పెట్టేముందు దానికిందే ఈ 2020 మాట మీ చేతిరాతతో రాసి పంపండి. మీ వేళ్లు గట్టిపడి చాలాకాలమైంది, నొప్పి పుట్టదు.