భుజానికెత్తుకున్న మ్యూజియం

కూనపులి పటం అంటే పద్మశాలీల కులపురాణాన్ని బొమ్మల్లో చెప్పే పొడవాటి గుడ్డ. వెడల్పు దాదాపు 3 అడుగులు. పొడవు 30 అడుగులు దాటుతుంది కాబట్టి ఏ గోడా దాన్ని మోయలేదు. మనిషి భుజమే మోస్తుంది.

దేవుడి బొమ్మలు చూడాలంటే లోకంలో చాలాచోట్ల మనిషే కదలాలి. గ్రీసులోని కోర్ఫు దీవిలో 15వ శతాబ్దపు ఆంటివునియోటిస్సా చర్చిని బైజాంటైన్ మ్యూజియంగా మార్చారు. మెట్లెక్కి, టికెట్టు కొని, గొంతు తగ్గించుకుని లోపలికి పోవాలి. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల పద్మశాలి వాడల్లో ఆ వరుస తిరగబడింది. ఇక్కడ మ్యూజియమే నడిచొస్తుంది. పైగా పాడుతుంది.

మోసుకొచ్చేది కూనపులివారు, పద్మశాలీల ఆశ్రిత కులం. ఏ ఊరు ఎవరి మిరాశో తాతలనాడే పంచుకున్నారు. కథయ్యాక త్యాగం, అంటే సంభావన, తీసుకోవడం వారి హక్కు. ఇంటాయన లేడని లోపలినుంచి చెప్పిస్తే సరిపోదు, వచ్చినవాళ్లకు ఆ ఇంటి గోత్రం కూడా తెలుసు. టికెట్టు లేకుండా జారుకునే వీలు కోర్ఫులోనే కాస్త ఎక్కువేమో.

పటాన్ని పైనుంచి కిందికి విప్పుతూ, బొమ్మ బొమ్మకూ కర్ర ఆనించి కథ చెబుతారు. మార్కండేయుడి యజ్ఞంలో భావనారుషి పుడతాడు. విష్ణువు నాభికమలం తూళ్ల నుంచి దారం తీసి దేవతలకు బట్ట నేస్తాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడతాడు, పులినెక్కి తిరుగుతాడు. ముక్కోటి దేవతలకూ బట్టలందించిన ఆ నేతగాడికి కూలి ఏ లెక్కన కట్టారో పటంలో గీయలేదు. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర కూర్చున్న శ్రోతకు మొదట తట్టే ప్రశ్న మాత్రం అదే.

బొమ్మలు గీసేది చేర్యాల నకాషీ చిత్రకారులు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెడతారు. వెనకంతా ఎరుపు నింపుతారు. గ్రీకు చిత్రకారులు చెక్కమీద సుద్ద పూసి, రంగుల్లో గుడ్డు సొన కలిపేవారు. రెండుచోట్లా సగం పని వంటింటిదే. పటం చుట్టలు తిరగాలి గనుక పూత మెత్తగా ఉండాలి, లేకుంటే రెండో ఊరికే భావనారుషికి పగుళ్లు వస్తాయి.

చిరిగిన పటాన్ని బీరువాలో దాచరు. మనిషికి చేసినట్టే కర్మ చేసి నదిలో కలుపుతారు. కొత్తపటం అచ్చం పాతదానిలాగే గీయిస్తారు. అందుకే ఇంత బొమ్మల సంపద ఉన్న ప్రాంతంలో పాత పటం దొరకడం గగనం. నీళ్ల పాలు కాకుండా తప్పించుకున్న కొన్ని తెలంగాణ పటాలు హైదరాబాదులోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియానికి చేరాయి. అక్కడ అవి పాడవు, ఎవరి గోత్రమూ అడగవు. మెట్లెక్కి వెళ్లి, గొంతు తగ్గించుకుని చూడాల్సింది ఇప్పుడు పద్మశాలీలే.