బావ పెట్టిన ధర

మా ఆదిలాబాద్ బావ తన పత్తికి తాను ధర పెట్టలేడు. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలని ఢిల్లీలోనే రాసేశారు. తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే పత్తి కొనే సీసీఐ వాళ్లు బండి దిక్కే చూడరు. యార్డులో నోరు పెగలని ఆ మనిషి కసంతా ఇంకా అమ్మకానికి రాని కార్ల మీద తీర్చుకుంటాడు. వాటికి ధర పెట్టేది ఆయనే.

2025 జనవరిలో ఢిల్లీ వాహన ప్రదర్శనలో ఎంజీ వాళ్లు సైబర్‌స్టర్‌ను చూపించారు. కరెంటుతో నడిచే స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, మడిచిపెట్టే బట్ట టాపు, బటన్ నొక్కితే పైకి లేచే తలుపులు. ధర మాత్రం చెప్పలేదు. లగ్నపత్రిక పంచి ముహూర్తం దాచినట్టు! ఇక బావ కరీంనగర్ వచ్చినప్పుడల్లా అదే ముచ్చట.

"యాభైకి మించది," అన్నాడు చలికాలంలో. ఎండలు ముదిరేకొద్దీ ధరా ముదిరింది. రోహిణి కార్తె నాటికి అరవై అయిదు లక్షలకు వచ్చి ఆగింది.

"అంతే అని ఎట్ల జెప్తవ్ బావా?"

"అండ్ల జిందాలోళ్లకు వాటా ఉన్నది గదా. ఇనుము ఇంటి సామానే. ఇంకెందుకు పిరం బెడ్తరు?"

రూపం సంగతికొస్తే మా ఇంట్లో ఏకాభిప్రాయం కుదరలేదు. పైకి లేచే తలుపులే మేలని నా వాదన. టవర్ సర్కిల్ దగ్గర రెండు బైకుల నడుమ ఇరికిస్తే పక్కకు తెరిచే తలుపు తెరుచుకోదు, మనిషి లోపలే ఉండిపోవాలి. "మరి మా ఇంటికాడ రేకుల షెడ్డు గదా? తలుపు లేస్తే రేకు లేవదా?" అన్నాడు బావ. కారు కోసం షెడ్డు ఎత్తు పెంచాలా, షెడ్డు కోసం కారు బయట పెట్టాలా అన్నది ఆ పూటంతా తేలలేదు.

వెనక లైట్లు బాణం గుర్తుల్లా ఉంటాయి. ఎడమది ఎడమకు, కుడిది కుడికి చూపిస్తుంది. నాకు ముచ్చటగానే అనిపించింది. బావకు మాత్రం రాజీవ్ రహదారి మీది గ్రానైట్ లారీలు కళ్లముందు మెదిలాయి. "ఎనక లారీ డ్రైవరు ఏ బాణం జూసి ఎటు దిప్పాలె?"

మా అమ్మకు బాణాలతో పనిలేదు. "రెండే సీట్లయితే ఏములాడకు ఎవలు పోవాలె అల్లుడా? మీరిద్దరు పోతే పిల్లలు బస్సుల రావాల్నా?" ఆమె రెండో సందేహం ఇంకా గట్టిది. కొండగట్టులో పూజ చేయించి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు గదా, అంత కిందికున్న కారుకు పూజారి చెయ్యెట్లా పోతుంది?

3.2 సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందని చదివి వినిపిస్తే బావ నవ్వాడు. "మన ఊర్ల స్పీడ్ బ్రేకరుకు, స్పీడ్ బ్రేకరుకు నడుమ గంత జాగెక్కడిది?"

జులై 25న ధర బయటపడింది. 74.99 లక్షలు. బావ ముఖం మాడిపోయింది. తనను ఒక్క మాట అడగకుండా పది లక్షలు పెంచారు! కాసేపటికి తేరుకుని ఫోన్లో లెక్క తీశాడు. 925 క్వింటాళ్ల పత్తి. ఎకరానికి ఎనిమిది చొప్పున 115 ఎకరాల పైమాటే. ఉన్నవి ఆరెకరాలు. విత్తనం, మందు, కూలి ఏదీ పెట్టకుండా, ఎవరూ తినకుండా ఉంటే పందొమ్మిదేళ్లు దాటాక కారు ఇంటికొస్తుంది.

అంతలో ఇంకో సంగతి తెలిసింది. ముందే బుక్ చేసుకున్నవాళ్లకు 72.49 లక్షలేనట. "అయ్యో, రెండున్నర లక్షలు లాసైన," అని తల పట్టుకున్నాడు. నేను ధైర్యం చెప్పాను. అప్పటి లెక్కన తెలంగాణలో 20 లక్షలు దాటిన పెట్రోలు కారుకు లైఫ్ ట్యాక్స్ 18 శాతం. కరెంటు కార్లకు 2026 డిసెంబరు దాకా అది మాఫీ. అంటే పదమూడున్నర లక్షలు మిగిలినట్టే.

బావ ముఖం వెలిగింది. పదమూడున్నరలోంచి రెండున్నర తీసేశాడు. "నికరంగ పదకొండు లక్షల లాభం!"

వంటింట్లోంచి అక్క తొంగిచూసింది. "గండ్లకెల్లి ముందుగాల గా పాలాయన బాకి కట్టు."