ఒక్క ముక్కేగా!

మాదాపూర్ ఐటీ ఆఫీసుల్లో ఇంక్రిమెంటు వచ్చినా రాకున్నా, స్వీటు డబ్బా మాత్రం టంచనుగా దిగుతుంది. కొత్త కారుకు కాకినాడ కాజా, సీమంతానికి పూతరేకులు, ఎవరో రాజీనామా చేస్తే కేకు.

పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్న అమ్మాయి వద్దంటే మాత్రం నేరం. "ఒక్క ముక్కకేమవుతుందమ్మా?" అని వియ్యాలవారికి కొసరినట్టు కొసరుతారు. ఏమవుతుందంటే, ఈ సమస్య ఉన్న చాలామందిలో శరీరం ఇన్సులిన్ మాట వినదు. తీపి తిన్నకొద్దీ ఇన్సులిన్ ఎగబాకుతుంది, అండాశయాల చేత టెస్టోస్టిరాన్ ఎక్కువ చేయిస్తుంది. అదనపు చక్కెర రోజుకు 25 గ్రాముల లోపుంటే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. రెండేసి చెంచాల పంచదారతో మూడు టీలు తాగితే ఆ కోటా దాదాపు సరి. కాజా ఇంకా డబ్బాలోనే ఉంది.

అన్నట్టు, మహిళల హార్మోన్ల ఆరోగ్యంపై హెచ్‌ఆర్ వారు సదస్సు కూడా పెడతారండోయ్. హాజరైనవారికి గులాబ్‌జామ్ ఉచితం.