నన్ను బతికించిన విలన్

నేను పుట్టినప్పుడు నా పేరు డాంకీ కాంగ్ కాదు. ఎర్ర రంగు పూసిన నిలువెత్తు వీడియో గేమ్ చెక్క పెట్టెను. నా నుదుటి మీద ‘రాడార్ స్కోప్’ అని ఉండేది. 1980 నాటి ఆ అంతరిక్ష యుద్ధం ఆటను నమ్ముకుని నింటెండో అమెరికా శాఖ నాలాంటివాటిని 3,000 తెప్పించింది. మేం ఓడ దిగేసరికే ఆ ఆట మీద మోజు తీరిపోయింది. వెయ్యి అమ్ముడయ్యాయి. 2,000 మందిమి సియాటిల్ పక్కన గోదాములో ఉండిపోయాం. ఎవరికీ అక్కరలేని వస్తువుగా చీకట్లో నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

1981లో జపాన్ నుంచి ‘డాంకీ కాంగ్’ అనే కొత్త ఆట బోర్డులొచ్చాయి. శాఖ అధ్యక్షుడు మినోరు అరకావా, ఆయన భార్య యోకో, మరో కొద్దిమంది కూర్చుని మమ్మల్ని ఒక్కొక్కటిగా విప్పి, పాతవి పీకి కొత్తవి బిగించారు. కరెంటు ఇవ్వగానే నా తెర మీద ఒక గొరిల్లా అమ్మాయిని పట్టుకుని నిచ్చెనెక్కాడు. పైకెళ్లి దభీ దభీమని దూకాడు. తిన్నగా ఉన్న ఉక్కు దూలాలన్నీ వంకరపోయాయి. ఆ చప్పుడుతోనే నాకు ప్రాణం లేచొచ్చింది.

వాణ్ణి పుట్టించిన షిగెరు మియమోటో మొదట కార్టూన్ వీరుడు పొపాయ్ కథతో ఆట చేద్దామనుకున్నాడు. హక్కులు కుదరలేదు. అందులో విలన్ బ్లూటో ఉండాల్సిన చోట మావాడొచ్చాడు. వాడి మీదికి ఎగబాకే బుల్లి వడ్రంగే తర్వాత మారియో అయ్యాడు. లోకమంతా మారియోనే తలుచుకుంటుంది. నాకు మాత్రం ఆ గొరిల్లాయే ముఖ్యం, ఎందుకంటే పిల్లలు పాతిక సెంట్ల బిళ్ల పట్టుకుని పరుగెత్తుకొచ్చింది వాడితో తలపడడానికే.

ఆ చేతులు నాకింకా గుర్తే. ఎడమ చేతిలో జాయ్‌స్టిక్, కుడి బొటనవేలి కింద ఒకే ఒక్క బటన్. గొరిల్లా విసిరిన పీపా దొర్లుకుంటూ వస్తుంది. నిచ్చెన దగ్గరకొచ్చాక నేరుగా పోతుందో, కిందికి దిగుతుందో తెలీదు. ఆ క్షణంలో పదమూడేళ్ల కుర్రాడి అరచెయ్యి చెమటతో జారేది. చివరి అంకంలో దూలాలను పట్టి ఉంచే 8 రివెట్లూ ఊడగొడితే గొరిల్లా తలకిందులుగా పడేవాడు. చుట్టూ మూగిన పిల్లలు ఈలలేసేవారు. మరుక్షణమే వాడు మళ్లీ పైన ఉండేవాడు. 22వ లెవెల్ దాకా వెళ్లినవాళ్లకు మాత్రం నావల్లే అన్యాయం జరిగింది. గడువు లెక్క 260కి చేరాలి. నా మెదడులో ఆ గడి 255 దాటి పట్టదు. 4 మాత్రమే మిగిలి, కొన్ని సెకన్లలోనే మారియో కూలిపోయేవాడు. అంత దూరం వచ్చిన పిల్లలను అలా పంపినందుకు ఇప్పటికీ బాధే.

వాడు అద్దం దాటి మొదట వెళ్లింది కోర్టుకు. ఈ గొరిల్లా మా కింగ్ కాంగే అంటూ 1982లో యూనివర్సల్ స్టూడియో దావా వేసింది. కింగ్ కాంగ్ కథ ఎవరి సొత్తూ కాదని అంతకుముందు అదే సంస్థ కోర్టులో వాదించిన సంగతిని నింటెండో లాయర్ జాన్ కర్బీ బయటపెట్టాడు. యూనివర్సల్ కేసు ఓడిపోయింది. 1984లో అప్పీలు కూడా పోయింది. ఆ తర్వాత సినిమా. 2010లో పాత్రిక్ జాన్ తీసిన చిన్న చిత్రం ‘పిక్సెల్స్’లో పాత ఆటల పాత్రలు న్యూయార్క్ మీద పడ్డాయి. 2015లో అదే పెద్ద కామెడీ సినిమా అయింది. అందులో చివరి పోరు మావాడితోనే. పీపా ఎలా దొర్లుతుందో చిన్నప్పుడు నాలాంటి పెట్టెల ముందు నేర్చుకున్నవాళ్లే అందులో లోకాన్ని కాపాడతారు. ఆ మాట విన్నప్పుడు నా చెక్క పులకించింది.

ఇప్పుడు నేనొక ఇంటి కింది గదిలో ఉన్నాను. ఒకప్పుడు నా ముందు చెమటలు కక్కినవాడే నన్ను కొనుక్కున్నాడు. సాయంత్రం కాగానే వాళ్లమ్మాయి వస్తుంది, స్టూలు లాక్కుంటుంది. బటన్ మీద వాళ్ల నాన్న వేలు అరగదీసిన చోటే తన వేలూ ఆనుతుంది. నిన్న 7 రివెట్లు ఊడగొట్టింది. ఎనిమిదోదానికి రెండడుగుల దూరంలో ఉండగా నిప్పు తగిలింది. “నాన్నా, ఇంకో బిళ్ల!” అని అరిచింది. పైన మావాడు రొమ్ము చరుచుకుంటున్నాడు.